బ్యాకప్ రిపోర్టులో పచ్చరంగు చూసి నిద్రపోకండి

"బ్యాకప్ అడ్మిన్‌గా ఆఫర్ వచ్చింది. రోజంతా ఫెయిలైన బ్యాకప్ జాబ్‌లను రీరన్ చేయడమే పనా? క్లౌడ్ వచ్చాక దీనికి భవిష్యత్తు ఉందా?" అని అడిగారు.

చేరండి. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఎక్కువగా నెట్‌బ్యాకప్, కొంతకాలం వీమ్, రెండూ బ్యాకప్ సాఫ్ట్‌వేర్లే. సర్వర్లు, స్టోరేజ్, నెట్‌వర్క్, డేటాబేస్ నాలుగూ ఒకే సీట్లో కూర్చుని నేర్చుకునే ఉద్యోగం ఐటీలో ఇంకోటి లేదు. ఇక రీరన్ సంగతంటారా, చాలా కంపెనీల్లో దాన్నే పనిగా చూస్తున్నారు. అసలు సమస్య అక్కడే ఉంది. బ్యాకప్ అడ్మిన్ పని బ్యాకప్ తీయడం కాదు, అడిగిన రోజు డేటా తిరిగి ఇవ్వడం. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఒక రాత్రి కళ్లారా చూశాను.

అప్పుడు ఒక సర్వీస్ కంపెనీలో కొత్తగా చేరాను. మా కస్టమర్లలో ఒక తయారీ సంస్థ ఉండేది. వాళ్ల ఫైల్ సర్వర్ రెండు నోడ్ల విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్, అంటే ఒక సర్వర్ (నోడ్) ఆగితే రెండోది పని అందుకునే జంట. 20వ తేదీ దగ్గర పడుతోంది, అంటే జీఎస్టీఆర్ 3బీ అనే జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన గడువు. అకౌంట్స్ విభాగం ఫోల్డర్ ఒకటి ఎవరో డిలీట్ చేశారు, తెల్లారేలోపు కావాలని నైట్ షిఫ్ట్‌లో టికెట్ వచ్చింది. ఫోల్డర్ రిస్టోరే కదా, పెద్ద పనేం కాదు. కన్సోల్ తెరిచి, సోర్స్ క్లయింట్‌గా (ఏ మెషీన్ బ్యాకప్ కావాలో అది) మొదటి నోడ్ పేరిచ్చి, ముందురోజు తేదీ పెట్టాను. సీ డ్రైవ్ వచ్చింది. విండోస్ సెట్టింగులుండే సిస్టమ్ స్టేట్ వచ్చింది. డేటా ఉండాల్సిన ఎఫ్ డ్రైవ్ మాత్రం లేదు. ఇంకో రోజు వెనక్కి వెళ్లాను, లేదు. వారం వెనక్కి వెళ్లాను, అప్పుడూ లేదు. దాదాపు నెల వెనక్కి జరిపితే కనిపించింది. రెండో నోడ్ పేరు మీద వెతుకుదామంటే అసలా నోడ్ ఏ పాలసీలోనూ (ఏ మెషీన్‌లో ఏది ఎప్పుడు తీయాలో రాసేది) లేదు.

పాలసీ తెరిచి చూస్తే విషయం అర్థమైంది. ఎప్పుడో సెటప్ చేసినవాళ్లు క్లయింట్ దగ్గర మొదటి నోడ్ పేరు రాసి, సెలెక్షన్‌లో 'ఆల్ లోకల్ డ్రైవ్స్' పెట్టి వదిలేశారు. ఎఫ్ డ్రైవ్ ఆ నోడ్ దగ్గర ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు. ఒక ఆదివారం ప్యాచింగ్‌లో (అప్‌డేట్లు వేసేటప్పుడు) క్లస్టర్ రోల్, అంటే ఫైల్ సర్వర్ పని, దాని ఎఫ్ డ్రైవ్‌తో సహా రెండో నోడ్‌కు మారింది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేదు. ఆ రాత్రి నుంచి మొదటి నోడ్‌కు ఎఫ్ డ్రైవ్ కనిపించదు. కనిపించనిదాన్ని సాఫ్ట్‌వేర్ అడగదు, తీయలేదని చెప్పదు. ఉన్న సీ డ్రైవ్ తీసుకుని స్టేటస్ జీరో ఇచ్చింది. నెట్‌బ్యాకప్‌లో జీరో అంటే సక్సెస్. ఎఫ్ డ్రైవ్‌కు విడిగా పాలసీ ఉండుంటే 71 ఎర్రర్ వచ్చేది, అంటే లిస్టులో రాసిన ఫైళ్లు ఏవీ లేవని. అలా వచ్చి ఉంటే మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు పట్టుకునేవారు. యాక్టివిటీ మానిటర్‌లో సైజు కాలమ్ చూశాను. టెరాబైట్లలో ఉండాల్సిన ఫుల్ బ్యాకప్ పదుల జీబీకి పడిపోయి ఉంది. రోజూ వెళ్లే ఎక్సెల్ రిపోర్టులో ఆ కాలమే లేదు. సర్వర్ పేరు, పక్కన పచ్చగడి, అంతే.

అందరినీ కలిపిన బ్రిడ్జ్ కాల్‌లో కస్టమర్ ఐటీ మేనేజర్ గొంతు పెంచలేదు. "పొద్దున తొమ్మిదింటికల్లా మీ రిపోర్ట్ వస్తుంది కదండీ, రోజూ అంతా సక్సెస్సే. మరి నా ఫోల్డర్ ఏదండీ?" అన్నారు. మా వైపు నుంచి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి గట్టెక్కించింది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కాదు. ఎఫ్ డ్రైవ్ మీద ఎవరో విండోస్ షాడో కాపీలు (ఫైళ్ల పాత రూపాలను ఆ డిస్క్ మీదే దాచేవి) ఆన్ చేసి ఉంచారు. ప్రీవియస్ వెర్షన్స్‌లో ముందురోజు మధ్యాహ్నం నాటి కాపీ దొరికింది, అందులోంచి ఫోల్డర్ తీసిచ్చాం. ఆ తర్వాత చేసిన ఎంట్రీలు మాత్రం అకౌంట్స్ వాళ్లు మళ్లీ కూర్చుని వేసుకున్నారు. డిలీట్ కాకుండా డిస్కే పోయి ఉంటే ఆ షాడో కాపీలు కూడా దాంతోపాటే పోయేవి.

క్లస్టర్‌లో చేయాల్సింది ఇది. ఏజెంట్, అంటే సర్వర్‌లో ఉండి డేటా పంపే బ్యాకప్ ప్రోగ్రామ్, ప్రతి నోడ్ మీదా ఉండాలి. సీ డ్రైవ్, సిస్టమ్ స్టేట్ నోడ్ల పేర్ల మీద తీయాలి. షేర్డ్ డ్రైవ్‌లను క్లస్టర్ వర్చువల్ పేరు (ఏ నోడ్ నడుపుతున్నా మారని పేరు) మీద విడి పాలసీలో తీయాలి, నోడ్ల పాలసీల్లోంచి వాటిని ఎక్స్‌క్లూడ్ చేయాలి. అప్పుడు రోల్ ఎటు మారినా బ్యాకప్ దాని వెంటే వెళ్తుంది, కాటలాగ్‌లో (ఏ బ్యాకప్ ఎక్కడుందో చెప్పే జాబితా) అంతా ఒకే పేరు కింద దొరుకుతుంది. అర్ధరాత్రి 'ఆ తేదీన ఏ నోడ్ యాక్టివ్‌గా ఉంది' అని వెతుక్కునే బాధ ఉండదు. డాక్యుమెంట్లలో ఈ విషయం ఎప్పటినుంచో ఉంది. చదివేవాళ్లే తక్కువ.

డేటాబేస్ క్లస్టర్లది ఇంకో తలనొప్పి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆల్వేస్ ఆన్ గ్రూపుల్లో (ఒకే డేటాబేస్‌ను పలు సర్వర్లలో ఉంచే ఏర్పాటు), 2022 వెర్షన్ వరకు, సెకండరీ రెప్లికా (అదనపు కాపీ) మీద తీసే ఫుల్ బ్యాకప్ కాపీ ఓన్లీ మాత్రమే, అంటే మిగతా బ్యాకప్‌ల వరసను కదిలించని విడి కాపీ. డిఫరెన్షియల్ (గత ఫుల్ తర్వాత మారినది మాత్రమే తీసేది) అక్కడ అసలు కుదరదు. లాగ్ బ్యాకప్ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టా) ఎక్కడ తీసినా అన్నీ కలిపి ఒకే గొలుసు. మన సాఫ్ట్‌వేర్ గంటకోసారి లాగ్ తీస్తుంటుంది. మధ్యలో డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) గారు 'ఎందుకైనా మంచిది' అని లోకల్ డిస్క్‌లోకి ఒక లాగ్ బ్యాకప్ తీసి, స్పేస్ చాలట్లేదని సాయంత్రానికి దాన్ని డిలీట్ చేస్తారు. అంతే, గొలుసులో ఒక లంకె పోయింది. తర్వాతి ఫుల్ లేదా డిఫరెన్షియల్ వచ్చేదాకా, ఆ తర్వాత తీసిన లాగ్‌లు ఎన్ని ఉన్నా పనికిరావు. జాబ్‌లు మాత్రం అన్నీ సక్సెస్సే. డీబీఏలతో నాకున్న ఒకే ఒక్క గొడవ ఇది. తీయండి, తప్పులేదు, కాపీ ఓన్లీ పెట్టి తీయండి, లేదా మాకొక మాట చెప్పండి.

నెట్‌వర్క్ టీమ్ వాళ్లతో గొడవ దీనికంటే పెద్దది. 58 ఎర్రర్ వస్తుంది, అంటే క్లయింట్‌కు కనెక్ట్ కాలేకపోతోంది. నెట్‌బ్యాకప్ వాడే 1556 పోర్టు రెండువైపులా తెరవండి అని మెయిల్ పెడతాం. 'మా వైపు ఏ సమస్యా లేదు' అని జవాబు వస్తుంది. మర్నాడు పొద్దున ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే కనెక్షన్ వస్తుంది. పనిచేసే చోటల్లా ఇదే వరస.

అమీర్‌పేటలో కోర్సు చేద్దామనుకుంటుంటే ఒక మాట. అక్కడ ఇన్‌స్టాలేషన్ నేర్పుతారు, పాలసీ రాయడం నేర్పుతారు, స్టేటస్ కోడ్‌లు బట్టీ పట్టిస్తారు. రిస్టోర్‌కు మహా అయితే ఒక క్లాసు. నేను ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు చూస్తుంటాను, 96 కోడ్ అంటే ఏమిటో ఠక్కున చెప్పే కుర్రాళ్లు బ్యాకప్‌లన్నీ నడిపే ప్రైమరీ సర్వరే పోతే ముందు ఏం చేస్తారని అడిగితే ఆగిపోతారు. కాటలాగ్ లేకపోతే ఏ టేప్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. కాటలాగ్ వెనక్కి రావాలంటే డిజాస్టర్ రికవరీ ఫైల్ కావాలి, నెట్‌బ్యాకప్ 8.1 వెర్షన్ నుంచి దానికో పాస్‌ఫ్రేజ్ కూడా కావాలి. ఆ ఫైల్ రోజూ మెయిల్‌లో వస్తుంది. ఆ మెయిల్‌బాక్స్ ఏ సర్వర్ మీద ఉందో ఒకసారి చూసుకోండి. మనం రిస్టోర్ చేయాల్సిన ఎక్స్‌ఛేంజ్ మెయిల్ సర్వర్ మీదే దాన్ని పెట్టుకున్న చోట్లు నేను చూశాను.

పెద్ద కంపెనీల్లో ఇలా జరగదులే అనుకోకండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డైరెక్టరీ తొలగించాడు. బ్యాకప్ కోసం చూస్తే అమెజాన్ క్లౌడ్‌లోని ఎస్3 బకెట్ ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే టూల్ మాత్రం 9.2 వెర్షన్‌ది, అందుకే డంప్ రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్లే మెయిళ్లు డీమార్క్ (పంపినవాళ్లు అసలైనవాళ్లో కాదో చూసే మెయిల్ తనిఖీ) దగ్గర ఆగిపోయాయి. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో తీసిన స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది. ఆ వివరాలన్నీ వాళ్లే దాచకుండా బయటపెట్టారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

క్లౌడ్ వచ్చినా ఈ పని ఎక్కడికీ పోదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లౌడ్ కంపెనీ ఓవీహెచ్ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. సర్వర్, బ్యాకప్ రెండూ అదే ప్రాంగణంలో పెట్టుకున్న కస్టమర్లకు రెండూ పోయాయి. డేటా మరోచోట కూడా ఉండాలన్న నిర్ణయం క్లౌడ్ తీసుకోదు, మనిషే తీసుకోవాలి. ఆ మనిషి ఉద్యోగమే మీకు వచ్చింది.

చేరేలోపు టైముంటే ఇంట్లోనే ఒక పని చేయండి. విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీ 180 రోజులు ఉచితం. రెండు వర్చువల్ మెషీన్లు, ఒక ఐస్కజీ డిస్క్ (నెట్‌వర్క్ మీద రెండూ పంచుకునేది) పెట్టి ఫైల్ సర్వర్ క్లస్టర్ కట్టండి. మొదటి నోడ్‌లో ఏదో ఒక బ్యాకప్ ఏజెంట్ వేసి ఉన్న డ్రైవ్‌లన్నీ తీయండి. రోల్‌ను రెండో నోడ్‌కు మార్చి అదే జాబ్ మళ్లీ నడపండి. రెండు జాబ్‌ల సైజులు పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత షేర్డ్ డ్రైవ్‌లోంచి ఒక ఫోల్డర్ డిలీట్ చేసి, టైమ్ చూసుకుంటూ వెనక్కి తీసుకురండి.