పిటిషన్ వేసే ముందు: టెక్సాస్‌లో ఉన్న అమ్మాయికి పిన్ని ఉత్తరం

అమ్మలూ,

ఆశీస్సులు. విడిపోవాలా వద్దా అన్నది నువ్వు తేల్చుకున్నావు, ఆ జోలికి నేను పోను. లాయరు దగ్గర మొదటి సంతకం పెట్టేలోగా మీ రాష్ట్ర చట్టం మాత్రం నీకు తెలిసి ఉండాలి. అమెరికాలో విడాకుల చట్టం రాష్ట్రానికొకటి. కాలిఫోర్నియాలో నీ స్నేహితురాలికి జరిగినట్టే నీకూ జరుగుతుందనుకోకు. అక్కడ అవతలివాళ్లకు కాగితాలు అందిన దగ్గర్నుంచి కనీసం ఆరు నెలలు ఆగాలి. మీ దగ్గర పిటిషన్ వేసిన రోజు నుంచి 60 రోజులు. ఇద్దరిలో ఒకరు టెక్సాస్‌లో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు నివాసం ఉండి ఉండాలి.

ఈ కౌంటీ దగ్గరే చాలామంది తడబడతారు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలోకి, కొంత డెంటన్ కౌంటీలోకి వస్తుంది. మీ ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి ఏ కౌంటీ అని ఉందో చూడు. నువ్వు ఇర్వింగ్‌కి మారిపోతే డాలస్ కౌంటీలో నీకు 90 రోజులు నిండాలి. అప్పటిదాకా ఆగలేకపోతే మీ ఆయన ఉంటున్న కౌంటీలో, ఆయన నివాసం చూపించి వేయొచ్చు.

ఈ మూడు కౌంటీల్లోనూ స్టాండింగ్ ఆర్డర్ అని, విడాకుల కేసులన్నిటికీ కోర్టు ముందే ఇచ్చిపెట్టిన ఉత్తర్వు ఒకటుంది. దాన్ని పిటిషన్‌కి జతచేస్తారు, వేసిన నిన్ను కూడా అది కట్టడి చేస్తుంది. కోపంలో జాయింట్ అకౌంట్ ఖాళీ చేయడం, మెసేజ్‌లు చెరిపేయడం, ఇన్సూరెన్స్‌లోంచి పేరు తీసేయడం, పాపని స్కూలు మాన్పించడం, ఏదీ కుదరదు. వేసేముందే ఆ కాగితం మొత్తం చదువు.

ఆయనే ముందు వేస్తే? కాగితాలు నీ చేతికి అందిన రోజు రాసిపెట్టుకో. 20 రోజులు లెక్కపెట్టి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటల్లోగా జవాబు దాఖలు చేయాలి. బుధవారం అందితే ఇరవయ్యో రోజు మంగళవారం, ఆపై సోమవారం గడువు. అది దాటితే నువ్వు లేకుండానే తీర్పు రాసేయొచ్చు. నోటీసు అక్కర్లేదంటూ వేవర్ మీద, అంటే ఆ హక్కు వదులుకునే కాగితం మీద, సంతకం చేయమంటారు. తర్వాతి వాయిదాల సంగతి కూడా నీకు చెప్పనక్కర్లేదని అందులో రాసి ఉంటుంది కొన్నిసార్లు. అలా ఉంటే సంతకం పెట్టకు.

ఇక ఆస్తి. టెక్సాస్‌లో పెళ్లయ్యాక వచ్చినదంతా, ఎవరి పేరు మీదున్నా, ఉమ్మడి ఆస్తి అనే మొదలుపెడతారు. సరిగ్గా సగం పంచాలని లేదు, జడ్జికి న్యాయమనిపించినట్టు పంచుతారు. పెళ్లికి ముందున్నది, వారసత్వంగా వచ్చినది, కానుకగా వచ్చినది నీ సొంతం, కాకపోతే గట్టి సాక్ష్యంతో నిరూపించే భారం నీదే. మీ నాన్న పెట్టిన బంగారానికి షాపు బిల్లులు, పెళ్లి ఫొటోలు, లాకర్ కాగితాలు ఇప్పుడే సేకరించు. తాతగారి పొలం నీదే, కానీ పెళ్లయ్యాక దానిమీద వచ్చిన కౌలు డబ్బు టెక్సాస్ లెక్కలో ఉమ్మడిది! ఇది తెలియక కౌలు డబ్బునీ జీతాన్నీ ఒకే ఖాతాలో కలిపేస్తారు, తర్వాత ఏది ఎవరిదో తేల్చలేరు. హైదరాబాద్ ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌ని టెక్సాస్ కోర్టు నేరుగా మార్చలేదు, కానీ దాని విలువను పంపకంలో లెక్కకట్టగలదు. కాబట్టి దాచకు, ఆయన్నీ దాచనివ్వకు. ఆయన ఉద్యోగం ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా, 401కెలో నీ వాటా రావాలంటే విడాకుల డిక్రీ ఒక్కటే చాలదు, ఆ వాటా విడదీసి ఇవ్వమనే క్యూడ్రో (QDRO) అనే విడి కోర్టు ఆర్డర్ ఆ ఖాతా నడిపేవాళ్లకు చేరాలి.

భరణం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. పెళ్లయి పదేళ్లు నిండకపోతే, వైకల్యం, గృహహింస లాంటివి ఉంటే తప్ప కోర్టు ఇవ్వదు. ఇచ్చినా నెలకు 5,000 డాలర్లు, ఆయన స్థూల ఆదాయంలో 20 శాతం, వీటిలో ఏది తక్కువైతే అంతవరకే. నీది ఏడేళ్ల కాపురం కదా, పంపకంలోనే నీ వాటా గట్టిగా అడుగు. చెయ్యి చేసుకుంటున్నాడా, ముందు బయటపడు, ఆయన నీ జోలికి రాకుండా కోర్టు ఇచ్చే ప్రొటెక్టివ్ ఆర్డర్ తెచ్చుకో. అది ఉంటే 60 రోజుల ఆగుడు కూడా వర్తించదు.

ఆయన ఉద్యోగ వీసా మీద భార్యగా నీకొచ్చిన హెచ్-4 వీసా హోదా విడాకులు ఖరారవగానే పోతుంది. చదువు వీసా ఎఫ్-1కో, సొంత ఉద్యోగ వీసా హెచ్-1బీకో మారే పని డిక్రీ కంటే ముందే మొదలవ్వాలి. ఇమిగ్రేషన్ లాయర్ని విడిగా కలువు.

పాపని తీసుకుని ఇండియా వచ్చేద్దామని మాత్రం అనుకోకు. పాప చివరి ఆరు నెలలు ఉన్న రాష్ట్రంలోనే కస్టడీ తేలుతుంది. అనుమతి లేకుండా తెస్తే అక్కడ నేరమవుతుంది, కస్టడీకే ఎసరు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇండియాలో చెల్లుబాటు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంటకు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది, వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసులో. కాపురం ఇక కుదరదన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, పైగా అక్కడి కోర్టు అధికారానికి భార్య ఒప్పుకోలేదు. టెక్సాస్‌లో మామూలుగా వేసేదీ అలాంటి కారణంతోనే. అందుకని ఒకరు రాకుండా ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకోవద్దు. ఆయన కూడా హాజరై, విడాకులకు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు డిక్రీలోనే రాయించు. లేకపోతే రేపు ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్ల మీద రెండో పెళ్లి కేసు పడొచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో వేయడం ఇంకా భద్రం, దానికి ఏడాది విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మధ్యలో ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

డిక్రీ వచ్చాక 30 రోజులు అక్కడ మరొకరిని పెళ్లి చేసుకోకూడదు. క్లర్కు దగ్గర సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకో, ఒకదానికి టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ) వేయించి నాకు పంపు, ఇక్కడి లాయరుకు చూపిస్తాను.

మీ పిన్ని