సరీసృపం అంటే పామేనా?

మీ అమ్మాయి పాఠంలో తాబేలు, మొసలి కూడా సరీసృపాలే అని ఉందని, ఆ మాటకు అర్థం పామే కదా అని అడిగారు. మీరు చెప్పిన అర్థం నిజంగానే ఉంది. అమరకోశంలో పాము పేర్ల వరుసలో ‘వ్యాలః సరీసృపః’ అని వస్తుంది. జీవశాస్త్ర పాఠాలు ఆ మాటకు పరిధి పెంచి బల్లి, తొండ, ఉడుము, తాబేలు, మొసలి అన్నిటినీ అందులో చేర్చాయి.

మూలం సంస్కృతంలోని ‘సృప్’ ధాతువు. పాకడం అని అర్థం. సర్పం దాని నుంచే పుట్టింది. ఆ ధాతువును రెట్టిస్తే ‘సరీసృప’ అవుతుంది. కదలికను తెలిపే ధాతువులను ఇలా రెట్టిస్తే వంకరగా సాగడం అనే అర్థం వస్తుందని పాణిని సూత్రం. అంటే సరీసృపం మెలికలు తిరుగుతూ పాకేది. ఇంత చక్కగా కుదిరిన పేరు పాఠ్యపుస్తకాల్లో అరుదు! ఇంగ్లీషు ‘రెప్టైల్’ కూడా పాకడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది కానీ దాని ధాతువు వేరు. మన సర్పానికి అసలు చుట్టం ‘సర్పెంట్’.

తిరుపతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ముందు గోడ మీది బల్లిని చూడమంటాను. కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి కనుక అడుగు వేసిన ప్రతిసారీ నడుము ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంగుతుంది. కాళ్లున్నా నడక పాముదే. మన తిరుమల కొండల్లోని బంగారు బల్లినీ చూశాను. టార్చి వెలుగు పడగానే పసుపు పచ్చని ఒళ్లు అలలా వంపులు తిరిగి బండ సందులోకి జారిపోయింది. 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త శాస్త్రలోకానికి పరిచయం చేసిన జాతి అది.

తాబేలుకు మాత్రం ఈ పేరు అంతగా నప్పదు. దాని వెన్నెముక డిప్పకు అతుక్కుని ఉంటుంది, నడుము వంగదు. అయినా పొలుసుల చర్మం, నేల మీద పెట్టే పెంకు గుడ్లు చూసి దాన్ని ఇందులో చేర్చారు. 1768లో లారెంటి అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ వర్గానికి ‘రెప్టీలియా’ అని పేరు పెట్టినప్పుడు కప్పలు కూడా అందులోనే ఉండేవి. తర్వాతి వాళ్లు వాటిని ఉభయచరాలుగా విడదీశారు.

ఇంకొకటి, పరీక్షల్లో చాలామంది ‘సరిసృపం’ అని రాస్తారు. ‘రీ’కి దీర్ఘం ఉండాలని మీ అమ్మాయికి చెప్పండి.