కంపెనీ ఇప్పించే సైకిల్: బిల్లు ఎవరి పేరున?

ప్రశ్న: మాది తిరుపతి. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం ఏడాదికి 7 లక్షలు. సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాళ్ల కోసం మా కంపెనీ ఒక స్కీమ్ పెట్టింది. 60 వేల లోపు సైకిల్ మనమే ఎంచుకోవచ్చు. డబ్బు కంపెనీ కట్టి, జీతంలో నెలకు 2,500 చొప్పున 24 నెలలు పట్టుకుంటుంది. నేను 58 వేల రోడ్ బైక్ చూసుకున్నాను. బ్రిటన్‌లో ఉన్న మా బావ ఇలాగే తీసుకుని బాగా టాక్స్ మిగుల్చుకున్నాడు. నాకూ మిగులుతుందని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారు. మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎలా? సైకిల్ ఎవరైనా ఎత్తుకుపోతే? డీలర్ చెన్నైలో ఉన్నాడు, చెడిపోతే అక్కడికే పరుగెత్తాలా? సంతకం పెట్టాల్సిన ఒప్పందం ఫోటోలు జత చేస్తున్నాను. ఈ సైకిల్ తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో గేర్ల గురించి, ఫ్రేము గురించి పేజీన్నర ఉంది. ఒప్పందం గురించి ఒక్క వాక్యం ఉంది. నేను తలకిందులుగా మొదలుపెడతాను.

మీరు పంపిన ఫోటోల్లో మూడో షరతు చూడండి. ‘ఆఖరి వాయిదా తీరేవరకు సైకిల్ కంపెనీ ఆస్తి, ఉద్యోగికి వాడకానికి మాత్రమే ఇవ్వబడింది’ అని ఉంది. అంటే బిల్లు కంపెనీ పేరున వస్తుంది. మీరు అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడే ముడిపడి ఉన్నాయి.

ముందు టాక్స్ సంగతి తేల్చేద్దాం. మీ బావగారు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 1999లో చట్టం చేసి మరీ ఈ వెసులుబాటు ఇచ్చారు. అక్కడ పన్ను లెక్కకట్టక ముందే జీతంలోంచి సైకిల్ వాయిదా తీసేస్తారు. మన దగ్గర సైకిల్‌కంటూ అలాంటి మినహాయింపు లేదు. అసలు మీకు మిగలడానికి పన్ను ఉంటే కదా! 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయం మీద రిబేటు వల్ల పన్ను పడటం లేదు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు అదనం. 7 లక్షల జీతానికి మీరు కట్టేది సున్నా. సున్నాలో ఎంత మిగులుతుందో హెచ్‌ఆర్ వాళ్లనే అడగండి.

మీకంటే పెద్ద జీతం తీసుకునే మీ మేనేజర్‌కు కూడా ఒరిగేదేమీ లేదు. జీతాన్ని ఏడాదికి 30 వేలు తగ్గించి కంపెనీ సైకిల్ ఇచ్చిందనుకుందాం. ఆదాయపు పన్ను నియమాల లెక్క ఇది: కంపెనీ వస్తువును ఉద్యోగి వాడుకుంటే ధరలో ఏడాదికి 10 శాతం, అంటే 5,800 ఆయన ఆదాయంలో కలుస్తుంది. రెండేళ్ల తర్వాత సైకిల్‌ను ఆయనకు ఊరికే ఇచ్చేస్తే, ఏడాదికి 10 శాతం తరుగు పోను మిగిలిన 46,400 కూడా కలుస్తుంది. రెండేళ్లదీ మొత్తం కూడండి, సరిగ్గా 58 వేలు. 60 వేల జీతం మీద పన్ను తప్పించుకుని 58 వేల మీద కట్టడం! పైగా తగ్గించింది బేసిక్ జీతంలో అయితే పీఎఫ్‌లో కంపెనీ వాటా కూడా తగ్గే అవకాశం ఉంది. కాబట్టి జీతం తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. మామూలు అడ్వాన్స్‌లా ఇచ్చి నెలనెలా పట్టుకోమనండి.

ఇక ఉద్యోగం మానేస్తే. నాకు భయం వేసింది మీ ఏడో షరతు చూసే. ‘గడువు లోపల ఉద్యోగం వదిలితే సైకిల్ వాపసు చేయాలి, కట్టిన వాయిదాలు తిరిగి ఇవ్వబడవు’ అంటోంది. మీరు ఇరవయ్యో నెలలో వేరే కంపెనీకి వెళ్లారనుకోండి. అప్పటికి 50 వేలు కట్టి ఉంటారు. 50 వేలూ పోయి, సైకిలూ పోయి, బస్సెక్కాలి. ఇలాంటి షరతు కోర్టులో యథాతథంగా నిలవడం కష్టం. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ 50 వేల కోసం మీరు కోర్టు మెట్లెక్కడం కంటే ఇప్పుడే ఆ వాక్యం మార్పించుకోవడం తేలిక. ‘మిగిలిన వాయిదాలు ఒకేసారి కట్టి సైకిల్ సొంతం చేసుకోవచ్చు’ అని రాయించండి. కంపెనీకి రూపాయి నష్టం లేదు కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు.

పోయిన సంవత్సరం నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. ఫోన్ కోసం తీసుకున్న అడ్వాన్స్ బాకీ ఉందని రాజీనామా చేశాక నెల జీతం మొత్తం ఆపేశారట. అలా కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం అడ్వాన్స్, అప్పు రాబట్టుకోవచ్చు గానీ, కోతలన్నీ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. ఉద్యోగం వదిలినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మీ నెలసరి 2,500తో ఈ సగం హద్దు గొడవ రాదు. ఆఖరి సెటిల్మెంట్‌లో ఒకేసారి పట్టుకునేటప్పుడే వస్తుంది.

సైకిల్ పోతే? కంపెనీ సొత్తు మీ చేతిలో ఉన్నంతకాలం చట్టం దృష్టిలో మీరు ‘బెయిలీ’, అంటే ఇంకొకరి వస్తువును తన దగ్గర ఉంచుకున్న మనిషి. కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లు చెప్పేదేమిటంటే, మామూలు జాగ్రత్త గల మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకుంటే చాలు. అంత జాగ్రత్త తీసుకున్నా పోతే బాధ్యత మీది కాదు. వేరే ఒప్పందం లేకపోతేనే సుమా. మీ తొమ్మిదో షరతు సరిగ్గా ఆ వేరే ఒప్పందమే: ‘ఏ కారణం వల్ల నష్టం జరిగినా ఉద్యోగే భరించాలి.’ దీన్ని తీయించండి, లేదా కంపెనీ చేత దొంగతనానికి ఇన్సూరెన్స్ చేయించండి. రెంటికీ ఒప్పుకోకపోతే బిల్లే మీ పేరున రాయమనండి. రిస్క్ మీదైనప్పుడు సొత్తు కూడా మీదే కావాలి.

సైకిల్‌కు రిజిస్ట్రేషన్ ఉండదు, నంబర్ ప్లేటు ఉండదు. పోలీస్ స్టేషన్‌లో ‘నల్ల సైకిల్ సార్’ అంటే ఏం రాసుకుంటారు? డెలివరీ తీసుకున్న రోజే సైకిల్‌ను తిరగేయండి. చాలా సైకిళ్లకు రెండు పెడళ్ల మధ్య గొట్టం అడుగున ఫ్రేము నంబర్ గుద్ది ఉంటుంది. గ్రీజు అంటుకుని ఉంటే గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి, బిల్లు మీద కూడా ఆ నంబర్ వేయించండి. రోడ్ బైక్ చక్రాలకు చేత్తో తిప్పితే ఊడొచ్చే లివర్ ఉంటే, తాళం చక్రానికి ఒక్కదానికే వేయకండి. చక్రం మాత్రం మిగులుతుంది.

చెన్నై డీలర్ బిల్లు కింద ‘వివాదాలు చెన్నై పరిధిలోనే’ అని చిన్న అక్షరాల్లో ఉంటే దాన్ని చూసి బెదరకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే గానీ, బిల్లు కంపెనీ పేరున ఉంటే ‘ఇది వ్యాపార అవసరానికి కొన్నది’ అని డీలర్ లాయర్ తప్పకుండా అంటాడు. నేనైనా అంటాను.

దారిలో ప్రమాదం గురించి మీరు అడగలేదు, కానీ రేణిగుంట రోడ్డు లారీల సంగతి తెలుసు కాబట్టి రాస్తున్నాను. సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఇంటికీ డ్యూటీకీ మధ్య రాకపోకల్లో జరిగిన ప్రమాదాన్ని కూడా, సమయం, స్థలం ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని చూపిస్తే, ఉద్యోగంలో జరిగినట్టే లెక్కిస్తారు. సైకిల్ మీద వెళ్లినా అంతే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నేను మెకానిక్‌ను కాను. ఇరవై ఏళ్లుగా అలిపిరి దాకా పొద్దున్నే తొక్కేవాణ్ణి, అంతే. షిమానో కంపెనీ గేర్ సెట్లలో ఎనిమిది గేర్ల క్లారిస్‌కూ తొమ్మిది గేర్ల సోరాకూ తేడా అడిగారు. తిరుపతి నుంచి రేణిగుంట దాకా చదును రోడ్డులో ఆ ఒక్క గేరు మీకు తెలియను కూడా తెలియదు. 28 నుంచి 32 ఎంఎం టైరు పట్టే ఫ్రేము, మడ్‌గార్డు బిగించే చోటు, నైట్ షిఫ్టుకు మంచి లైటు, వీటికి డబ్బు పెట్టండి. వీటిలో లైటు, తాళం, హెల్మెట్ ఆ 60 వేల పరిమితిలోకి వస్తాయో రావో కూడా అడగండి. ధర కూడా ఒకసారి సరిచూసుకోండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. డీలర్ ఇచ్చింది అంతకు ముందు అచ్చువేసిన రేట్ల పట్టీ కావచ్చు.

మీ ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు అన్నారు, డీలర్ దగ్గర 56 సైజు ఫ్రేము మాత్రమే ఉందన్నారు. అది మీకు పెద్దది అయ్యే అవకాశమే ఎక్కువ. ‘సీటు దించితే సరిపోతుంది’ అంటాడు. సరిపోదు, హ్యాండిల్ అందదు, నెలకల్లా నడుము పడుతుంది. మీ సైజు తెప్పించి, తొక్కి చూశాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి.

ఈలోగా మూడు, ఏడు, తొమ్మిది షరతుల మీద హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది. వాళ్లు మార్చి ఇచ్చిన కాగితం ఫోటో పంపితే చూసి చెబుతాను. ఈసారి ఐదో పేజీ కూడా పంపండి, మీరు నాలుగే పంపారు.