స్టీరింగ్ తిప్పకుండానే బండి తిరుగుతోంది

ప్రశ్న: అన్నా, నమస్తే. ఏడు నెలల కిందట లోన్ మీద కొత్త పికప్ తీసుకున్నా, నేనే తోలుకుంటా. మదనపల్లెలో టమాటా లోడు ఎత్తుకుని భాకరాపేట ఘాట్ దిగి, తిరుపతి, పుత్తూరు మీదుగా చెన్నై కోయంబేడుకు పోతా. రెండు నెలలుగా బండి నేరుగా పోవడం లేదు. 60 దాటితే కాసేపు ఎడమకి, కాసేపు కుడికి జారుతుంది. చేతులు ఊరికే ఉండవు, సరిచేస్తూనే ఉండాలి. పక్కనుంచి బస్సు దాటిపోతే ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకోవాల్సిందే. షోరూం వాళ్ల దగ్గరికి మూడుసార్లు పోయినా. మొదటిసారి అలైన్‌మెంట్ చేసి డబ్బులు కట్టించుకున్నారు. రెండోసారి టైర్లు మార్చుకోమన్నారు. మూడోసారి ‘ఈ బండ్లన్నీ ఇంతే, అలవాటైపోతుంది’ అన్నారు. వారంటీ ఇంకా రెండేళ్ల పైనే ఉంది. ఏం చేయమంటారు? జాబ్ కార్డుల (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూం వాళ్లు రాసే కాగితాల) ఫొటోలు పంపిస్తున్నా.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజులకు అలవాటైపోతుంది. స్టీరింగ్ సంగతి అట్లా కాదు. ఆ మాట అన్నాయన ఒక రాత్రి మీ బండిలో ఘాట్ దిగి చూస్తే తెలుస్తుంది. సరే, కోపం పక్కన పెడదాం.

మీరు పంపిన మూడు జాబ్ కార్డులూ పెద్దవి చేసుకుని చూశాను. మొదటి దాంట్లో ‘వీల్ అలైన్‌మెంట్’ అని ఉంది, రెండో దాంట్లో ‘జనరల్ చెకప్’, మూడో దాంట్లో ‘టైర్ చెక్, కస్టమర్ కోరిక మీద’. మూడింట్లో ఎక్కడా స్టీరింగ్ అన్న మాటే లేదు. అంటే మీరు మూడుసార్లు మొత్తుకున్నా, కాగితం మీద మీ స్టీరింగ్ ఒక్కసారి కూడా చెడిపోలేదు! రేపు కంపెనీ వాళ్లు వచ్చినా, వినియోగదారుల కమిషన్‌లో కేసు పడినా చూసేది ఈ కాగితాన్నే. అందుకే ఈసారి సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో ఏదో కొట్టి సంతకం పెట్టమంటే పెట్టకండి. ‘60 కిలోమీటర్ల వేగం దాటితే స్టీరింగ్ తిప్పకుండానే బండి రెండు వైపులా జారుతోంది, రెండు నెలలుగా ఉంది, ఇది నాలుగోసారి తేవడం’ అని మీ మాటల్లోనే, మీటర్ రీడింగ్‌తో సహా రాయించండి. రాయకపోతే, సంతకం పెట్టే చోట మీరే పెన్నుతో తెలుగులో రాసి దాని కింద సంతకం పెట్టండి. ఆ కాగితం ఫొటో అక్కడే తీసుకోండి.

పోయే ముందు మీరే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాళ్లు మొదట తోసేది వీటి మీదికే. బండి ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే అది వేరే జబ్బు: ఒక టైరులో గాలి తక్కువ కావచ్చు, ఒక చక్రంలో బ్రేకు పట్టేసి ఉండొచ్చు. మీరు చెప్పింది లాగడం కాదు, అటూ ఇటూ తిరగడం. అది సాధారణంగా ఎక్కడో ఒక జాయింటు వదులైతేనో, ముందు ఇరుసు కోణం తప్పితేనో వస్తుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు పుస్తకంలో చెప్పినంత గాలి పట్టించండి. ముందు టైర్లు రెండూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. లోడు సంగతి కూడా నిజాయితీగా చూసుకోండి. టమాటా ధర బాగున్న రోజు వెనక ఇంకో వరుస క్రేట్లు ఎక్కించే అలవాటు మన రోడ్డు మీద కొత్తేమీ కాదు. వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాల మీద బరువు తగ్గి రోడ్డు మీద పట్టు పోతుంది. అయితే ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు కూడా ఇదే తంతు అయితే, నెపం లోడు మీద వేసే వీలు వాళ్లకు ఉండదు. అది కూడా జాబ్ కార్డులో రాయించండి.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బండి చదునైన చోట ఆపి, పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. స్టీరింగ్ రింగు మీద ఒక సుద్దగీత గీయండి. ఇంకొకరు బండి కిందికి దూరకుండా పక్కన కూర్చుని ముందు చక్రాన్నే చూస్తుండాలి. మీరు స్టీరింగ్‌ను మెల్లగా ఒక వైపు తిప్పండి, చక్రం కదిలీ కదలగానే ఆపి గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, తర్వాత రెండో వైపు తిప్పి, చక్రం కదిలీ కదలగానే ఆపి, గీత ఎంత జరిగిందో స్కేలు పెట్టి కొలవండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం స్టీరింగ్‌లో ప్లే, అంటే చక్రం కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే మేర, 30 డిగ్రీలు మించకూడదు. అడ్డంగా 40 సెంటీమీటర్లున్న రింగు మీద అది 10 సెంటీమీటర్లు, అంటే జానలో సగం దాకా వస్తుంది. అది రోడ్డు మీద తిరిగే ఎంత పాత బండికైనా ఉన్న ఆఖరి హద్దు. ఏడు నెలల బండిలో అంత ఉండటానికి వీల్లేదు. మీ మోడల్‌కు కంపెనీ పెట్టుకున్న హద్దు ఎంతో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, చూపించమని అడగండి.

ఇక షెడ్డులో ఏం చూడమనాలి? స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే కింద టెక్నీషియన్ ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీల చివరి జాయింట్లు), డ్రాగ్ లింక్, స్టీరింగ్ కాలమ్ జాయింటు, స్టీరింగ్ గేర్‌బాక్స్ బిగింపు బోల్టులు. తర్వాత ముందు చక్రాలు లేపి కింగ్‌పిన్, వీల్ బేరింగ్ చూడాలి. ఇరుసును కమాన్ కట్టలకు బిగించే యు బోల్టులు మాత్రం చాలామంది చూడరు. నేను లారీ షెడ్డులో ఉన్న రోజుల్లో ఒక బండికి ఇలాగే రెండు నెలలు అలైన్‌మెంట్ మీద అలైన్‌మెంట్ చేశాం. ఒకరోజు కింద పడుకున్న కుర్రాడు, ఇరుసు పక్కన దుమ్ములో ఒక వేలెడు మేర ఇనుము తళతళలాడుతుంటే చూసి ‘ఇక్కడ దుమ్ము పట్టలేదేంది?’ అన్నాడు. కమాన్ కట్ట మధ్య బోల్టు విరిగి, ఇరుసు కదిలినప్పుడల్లా అక్కడ రాసుకుంటోంది. అదీ సంగతి!

అలైన్‌మెంట్ గురించి ఒక మాట. మామూలుగా చేసేది ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిచేయడమే. బండి నేరుగా పోవాలంటే క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం, కూడా సరిగ్గా ఉండాలి. సైకిల్ ముందు ఫోర్కు ఎందుకు వాలుగా ఉంటుందో ఆలోచించండి, చేతులు వదిలినా సైకిల్ నేరుగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. బండికీ అంతే, ఆ వాలు తగ్గితే నేరుగా పోయే బుద్ధి తగ్గుతుంది. ముందు ఇరుసు కమాన్ కట్టల మీద ఉన్న బండ్లలో దీన్ని సన్నని వాలు ముక్కలు పెట్టి సరిచేస్తారు. కాబట్టి ‘అలైన్‌మెంట్ అయిపోయింది’ అంటే చాలదు, చేయకముందు ఎంత, చేశాక ఎంత, క్యాస్టర్‌తో సహా ప్రింటు ఇమ్మనండి.

ఆ తర్వాత ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కాదు, ఆయన చేతికే స్టీరింగ్ ఇచ్చి చిత్తూరు హైవే మీద 60, 70లో ఒక పది కిలోమీటర్లు తోలమనండి. మీరు పక్కన కూర్చుని ఆయన చేతులూ రోడ్డూ కనబడేలా వీడియో తీయండి, కానీ చెప్పి తీయండి. దొంగచాటుగా తీస్తే గొడవ వీడియో మీదికి పోతుంది.

వారంటీ పుస్తకంలో సాధారణంగా అలైన్‌మెంట్, బ్రేకు లైనింగ్‌లాంటి అరిగేవాటిని మినహాయిస్తారు. టైర్ల వారంటీ టైర్ కంపెనీది. కానీ టైరు ఎందుకు అరిగింది అన్నదే ఇక్కడి ప్రశ్న. వదులైన జాయింటు వల్ల టైరు అరిగితే టైరు మార్చి పంపడం, ఇల్లు కారుతుంటే చాప మార్చినట్టు. మీ పుస్తకంలో స్టీరింగ్ భాగాల పేర్లు ఏ జాబితాలో ఉన్నాయో వేలు పెట్టి చదవండి.

ఇన్ని చేశాక కూడా కాదంటే, ఏ కారణంతో వారంటీ ఇవ్వడం లేదో రాసివ్వమనండి. నా అనుభవంలో సగం మంది ఇక్కడే మెత్తబడతారు, ఎందుకంటే ‘ఈ బండ్లన్నీ ఇంతే’ అన్న మాట నోటితో అనగలరు కానీ లెటర్‌హెడ్ మీద రాయలేరు. రాయనంటే, అదే విషయం డీలర్‌కూ కంపెనీ కస్టమర్ కేర్‌కూ కలిపి ఒకే మెయిల్‌లో పెట్టి, ఏరియా సర్వీస్ ఇంజనీర్‌ను పంపమని అడిగి, 15 రోజులు గడువివ్వండి. ఈలోపు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, ఖర్చు లేదు.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా ఫర్వాలేదు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 10 దాటి 20 లక్షల దాకా 400. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. ‘బాడుగ బండి, వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివే కాదు’ అని వాళ్ల వకీలు అంటాడు, చూడండి. టెన్షన్ పడకండి. సొంతంగా తోలుకుని దాని మీదే బతికేవాళ్లు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది, సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఈ సంగతి వివరంగా చెప్పింది. తోడుగా క్లీనర్ ఉన్నంత మాత్రాన అది మారదు. లోపం పరీక్షలోనే తేలాలంటే కమిషన్ ల్యాబ్‌కు పంపొచ్చు. చట్టం పెట్టిన గడువు మామూలు కేసుకు మూడు నెలలు, పరీక్ష అవసరమైతే అయిదు. అంతలోనే తేలిపోతుందని మాత్రం లెక్కేసుకోకండి.

ఒకటి మాత్రం ఇప్పుడే చేయండి. ఇది తేలేదాకా లోడుతో భాకరాపేట ఘాట్ దిగకండి. ఈఎంఐ ఆగదని తెలుసు, అయినా బాడుగలు రేణిగుంట, తిరుచానూరు దగ్గర్లోనే నెమ్మదిగా చూసుకోండి.

ప్రశ్న: నాకు మూడు బండ్లున్నాయి, మామిడి సీజన్‌లో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోలిస్తాను, డ్రైవర్లున్నారు. ఒక బండికి ఇదే సమస్య. నేనూ కమిషన్‌కు పోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీకు కష్టం. బండ్లు పూర్తిగా డ్రైవర్ల చేతిలో నడుస్తుంటే సొంత ఉపాధి అని నిలబెట్టడం తేలిక కాదు. కానీ వారంటీ మీకూ వర్తిస్తుంది, దాని షరతుల్లో ఎక్కడా ‘ఒకటే బండి ఉండాలి’ అని ఉండదు. జాబ్ కార్డు, రోడ్డు టెస్టు, కంపెనీకి మెయిల్, అన్నీ పైన చెప్పినట్టే చేయండి. మూడు బండ్లు కొన్న కస్టమర్‌ను పోగొట్టుకోవడం డీలర్‌కూ ఇష్టం ఉండదు. అప్పటికీ కాకపోతే సివిల్ కోర్టు ఉంది, ముందు వకీలును అడగండి.

ప్రశ్న: షోరూం చుట్టూ తిరిగి విసిగిపోయి మా ఆయన బయట షెడ్డులో టై రాడ్ ఎండ్ మార్పించేశారు. ఇప్పుడు బండి నేరుగానే పోతోంది. వారంటీ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఆ పార్టు మీద, దానివల్ల చెడిన వాటి మీద వాళ్లు కాదనొచ్చు. దానికి సంబంధమే లేని గేర్‌బాక్సుకో, ఇంజన్‌కో కూడా కాదంటే, కారణం రాసివ్వమని అడగండి. బయట షెడ్డు బిల్లు, విప్పిన పాత పార్టు రెండూ దాచి ఉంచండమ్మా, పాత ఇనుముకు అమ్మేయకండి. బయట చేసిన పని కాబట్టి ఇంకొకటి కూడా అడుగుతున్నా: కొత్త టై రాడ్ ఎండ్ నట్టుకు స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్ను) వేశారో లేదో, బండి మళ్లీ రోడ్డెక్కే ముందు మీ ఆయన్ను వంగి చూడమనండి.