నెగటివ్‌ను గోడకు తగిలించొచ్చా?

ప్రశ్న: మా అవ్వాతాతల పెళ్లి 1971లో తిరుచానూరులో జరిగింది. ఫోటోలన్నీ వానకు తడిసి పోయినాయి. బట్టర్ పేపర్ కవర్లో రెండుంపావు అంగుళాల చదరం బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఒక్కటే మిగిలింది. తాత సహస్ర చంద్ర దర్శనానికి దాన్నే అద్దాల మధ్య బిగించి, వెనక లైటు పెట్టి కానుకగా ఇవ్వాలనుంది. పాడవుతుందా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పాడవుతుంది. అయితే మీరు అనుకుంటున్నట్టు వెలుతురు వల్ల కాదు. కలర్ నెగటివ్‌లో ఉండేది రంగు కాబట్టి అది వెలుతురుకు వెలిసిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ వెండి రేణువులది, అంత తొందరగా చెదరదు. దానికి గండం వేడితోనూ తేమతోనూ. వెండిని పట్టి ఉంచేది జెలటిన్ పూత. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో పట్టే ముసురుకు ఆ పూత తేమ పీల్చి ఉబ్బుతుంది, అద్దానికి అతుక్కుంటుంది. తర్వాత అద్దం తీయబోతే పెళ్లికూతురి ముఖం అద్దంతోనే ఊడి వస్తుంది. అందుకని గోడ మీద నకలు ఉండాలి, అసలు చీకట్లో ఉండాలి. రెండూ కలిపి ఇవ్వండి.

ముందు శుభ్రం చేయడం. అంచులు మాత్రమే పట్టుకోండి. నిగనిగలాడేది ఫిల్మ్ వైపు, మసకగా ఉండేది పూత వైపు. దుమ్మును రబ్బరు బల్బుతో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడి మచ్చలవుతాయి. నిగనిగల వైపు వేలిముద్రలుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పోగులు రాలని మెత్తటి గుడ్డకు అద్ది ఒక్కసారి తుడవండి. మందుల షాపులో దొరికే 70 శాతం స్పిరిట్ వద్దు, మిగతాదంతా నీళ్లే. పూత వైపు అసలేదీ తగలనీయకండి. అక్కడ బూజు కనిపిస్తే కడగాలనే ఆలోచనే రానీయొద్దు. బూజు తిన్నచోట జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది.

తర్వాత స్కానింగ్. ఆఫీసు స్కానర్ పనికిరాదు, మూతలో కూడా లైటు ఉన్నది కావాలి. స్టూడియోవాళ్లను 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), 16 బిట్, టిఫ్ ఫైలు అని అడగండి. మీ సైజు నెగటివ్‌కు ఒక్కో వైపు దాదాపు 5,300 పిక్సెల్స్ వస్తాయి, 16 అంగుళాల ప్రింటుకు కూడా చాలు. వాట్సాప్‌లో పంపమనకండి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. బొమ్మ తిరగబడిందో లేదో అక్కడే చూసుకోవచ్చు: అవ్వ పైట ఎడమ భుజం మీద, తాత చొక్కా జేబు ఎడమ వైపు ఉండాలి. జేబు కుడికి వచ్చిందంటే నెగటివ్‌ను బోర్లా పెట్టారన్నమాట.

ఇక నకలును గోడకు తగిలించే లైటు పెట్టె. నెగటివ్ రూపాన్ని అలాగే 8 అంగుళాల చదరానికి పెంచి, ఫ్లెక్స్ అంగడిలో బ్యాక్‌లిట్ ఫిల్మ్ (వెనక లైటు పెట్టే బొమ్మలకు వాడే షీటు) మీద ప్రింటు వేయించండి. మామూలు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ఇంకు నిలవదు, జారుతుంది. లోపల రెండంగుళాల లోతుండే ఫ్రేము కావాలి. తిరుపతిలో దేవుడి పటాలు కట్టే అంగళ్లలో చెబితే చేసిస్తారు. వెనక పలక మీద 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను 20 సెంటీమీటర్ల ముక్కలుగా ఆరు వరసలు అంటించండి, గుర్తున్నచోటే కత్తిరించాలి. వరసకూ వరసకూ 3 సెంటీమీటర్లు. వాటి మీద 3 మిల్లీమీటర్ల పాలరంగు అక్రిలిక్ షీటు, స్ట్రిప్‌కు కనీసం 3 సెంటీమీటర్ల ఎడంలో. దాని మీద ప్రింటు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎడం తగ్గితే బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా లైట్లు తేలతాయి. మీటరుకు పది వాట్ల లోపు స్ట్రిప్ అయితే 2 ఆంపియర్ల అడాప్టరు సరిపోతుంది. వెనక రెండు గాలి రంధ్రాలు వదలండి.

చూడవచ్చిన చుట్టాలకు ఒక తమాషా చూపించొచ్చు. ఫోన్ సెట్టింగుల్లో కలర్ ఇన్వర్షన్ ఆన్ చేసి కెమెరాను పెట్టె వైపు తిప్పితే, తెరమీద అవ్వాతాతలు అసలు రూపంలో కనిపిస్తారు.

అసలు నెగటివ్‌ను ఆమ్లం లేని కాగితపు కవర్లో గానీ, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లో గానీ ఉంచండి. పీవీసీ వద్దు. పాత బట్టర్ పేపర్ కవర్ మీద స్టూడియో నంబరు ఉంటే పారేయకుండా విడిగా దాచండి. పూజగది అల్మరా పనికిరాదు, కర్పూరం పొగ, అగరుబత్తి పొగ రెండూ వెండికి పడవు. బట్టల బీరువాలో కలరా ఉండలుంటే అక్కడా వద్దు. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే నడిమి గది మేలు.

ప్రశ్న: మా నాయన తీసిన నెగటివ్‌లు చుట్టలు తిరిగి, పులుపు వాసన కొడుతున్నాయి. కొన్ని ప్లాస్టిక్ కవర్‌కు అంటుకున్నాయి.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అది వెనిగర్ వాసన. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ విరిగి ఎసిటిక్ ఆమ్లం పుడుతోంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ను ఇంకా తొందరగా విరగ్గొడుతుంది కాబట్టి వాసన వచ్చేవాటిని బాగున్నవాటి నుంచి ఈ రోజే వేరు చేయండి. వెనక్కి తిప్పే మందు లేదు. చేయగలిగింది వెంటనే స్కాన్ చేయించడం, చల్లగా ఉంచడం. ఫ్రిజ్‌లో పెడితే కాగితపు కవర్లో వేసి, ఒకదాని మీద ఒకటి రెండు జిప్ కవర్లు బిగించండి. బయటకు తీశాక ఒక రోజు ఆగి విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. అంటుకున్నవాటిని లాగొద్దు, నానబెట్టొద్దు. ప్లాస్టిక్‌తో సహా అలాగే స్కాన్ చేయించండి. కాస్త మసకగా వచ్చినా బొమ్మ దక్కుతుంది.

ప్రశ్న: నెగటివ్ ముక్కను రెసిన్‌లో పోసి కీచైన్ చేయిస్తే?
- ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: అసలుతో వద్దు. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఎండ తగిలితే పచ్చబడుతుంది, ఒకసారి పోశాక నెగటివ్‌ను మళ్లీ బయటకు తీయలేరు. ఫిల్మ్ మీద వేయించిన నకలును వాడండి. దాన్ని కూడా ముందు రెండు వైపులా పారదర్శక లామినేషన్ చేయించి, అంచు చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి, రెసిన్ లోపలికి పాకి ఇంకు చెదరకుండా ఉంటుంది.