క్రిస్మస్‌కు ఇంటికి విమాన టికెట్లు: కొనే రోజు కంటే తిరిగివచ్చే రోజే ముఖ్యం

విదేశంలో ఉంటున్నామని, భార్య, ఇద్దరు పిల్లలతో కలిసి క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లాలని, టికెట్లు ఇప్పుడే కొనాలా లేక అక్టోబరు దాకా ఆగితే తగ్గుతాయా అని, అందరికన్నా తక్కువ ధర చూపించే ఏజెంట్ల సైట్లను నమ్మవచ్చా అని మీరు అడిగారు. పన్నెండేళ్లుగా బయట ఉంటూ, అందులో తొమ్మిది క్రిస్మస్‌లకు ఇంటికి వెళ్లివచ్చిన వాడిగా నాకు అర్థమైనది చెబుతాను. ఖర్చును తేల్చేది మీరు టికెట్ కొనే రోజు కన్నా మీరు విమానం ఎక్కే రోజు, అంతకన్నా ఎక్కువగా మీరు తిరిగివచ్చే రోజు. సెలవు సంగతి తేల్చుకోకుండా రోజూ ధరలు చూస్తూ కూర్చుంటే ఒరిగేదేమీ ఉండదు. మొదటి మూడేళ్లు నేను చేసిన పని సరిగ్గా అదే.

డిసెంబరు మూడో వారాంతం నుంచి 23వ తేదీ వరకు అందరూ ఒకే దిక్కుకు బయలుదేరతారని ఎవరికైనా తెలుసు. చాలామంది పట్టించుకోనిది తిరుగు ప్రయాణం. వెళ్లేవాళ్లు పది రోజుల వ్యవధిలో అటూ ఇటూ సర్దుకుని వెళతారు గాని, వచ్చేవాళ్లందరూ ఆఫీసులు, బడులు తెరిచే ముందు రోజుకే చేరుకోవాలనుకుంటారు. ఉదాహరణకు 2026లో క్రిస్మస్ శుక్రవారం వస్తుంది, 2027 జనవరి 3 ఆదివారం అవుతుంది. ఆ శని, ఆదివారాల సీట్ల మీద పడే ఒత్తిడిని ఊహించడం కష్టం కాదు. ఒక ఏడాది మా తిరుగు టికెట్లను ఆదివారం నుంచి బుధవారానికి జరిపి చూస్తే, నలుగురి మొత్తంలో దాదాపు ఒకరి టికెట్ డబ్బు మిగిలింది. ఆ మూడు రోజుల కోసం నేను మా పైఅధికారికి జూన్‌లోనే ఉత్తరం రాసి, మొదటి రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తానని ఒప్పించాను. అదే మాట నవంబరులో అడిగి ఉంటే ఒప్పుకునేవారు కాదు, ఎందుకంటే అప్పటికి మిగతావాళ్లందరూ సెలవులు పెట్టేసి ఉంటారు.

వెళ్లే వైపు కూడా ఒక వెసులుబాటు ఉంది. 24వ తేదీ రాత్రి, 25వ తేదీ ఉదయం బయలుదేరే విమానాలకు గిరాకీ సాధారణంగా తగ్గుతుంది, ఎందుకంటే పండుగ పూట గాలిలో ఉండాలని ఎవరూ కోరుకోరు. మేము రెండుసార్లు 24 రాత్రి ఎక్కి పండుగ మధ్యాహ్నానికి దిగాము. మా అమ్మ మొదట చిన్నబుచ్చుకుంది, తరువాత ఆ పూట భోజనాల వేళను మా కోసం రెండు గంటలు వెనక్కి జరిపింది. అయితే దిగిన చోటి నుంచి ఇల్లు చేరే దారి ముందే చూసుకోవాలి. లండన్‌లో డిసెంబరు 25న మెట్రో రైళ్లు అసలు నడవవు, అలాంటి నగరాలు ఇంకా ఉన్నాయి. తూర్పు దిక్కుకు సుదూరం వెళ్లేవారికి గడియారం కలిసిరాదు కాబట్టి, 24న ఎక్కితే 26న దిగే ప్రమాదం కూడా ఉంటుంది. టికెట్ మీద చేరే తేదీని వేలు పెట్టి చదువుకోవడం మంచిది.

ఇక ధర ఎందుకు గంటకో రకంగా కనబడుతుందన్నది. ఒకే ఎకానమీ క్యాబిన్‌లోని సీట్లను విమాన సంస్థలు వై, ఎం, క్యూ వంటి అక్షరాలతో పలు తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఒక్కో ధర పెట్టి అమ్ముతాయి. చవక తరగతి సీట్లు అయిపోగానే పై తరగతి ధర తెర మీదికి వస్తుంది. మీ కంప్యూటర్ మిమ్మల్ని గుర్తుపట్టి ధర పెంచడం కాదది. బ్రౌజర్‌ను ప్రైవేట్ విండోలో తెరిచినా, మంగళవారం అర్ధరాత్రి మేల్కొని వెతికినా ఒరిగేదేమీ లేదు. ఆ రెండూ నేను శ్రద్ధగా పాటించిన నమ్మకాలే, నిద్ర పోయిందే తప్ప టికెట్ తగ్గలేదు. ఈ తరగతుల పద్ధతి వల్ల మీలాంటి కుటుంబాలకు నష్టం జరిగే చోటు మరొకటి ఉంది. చవక తరగతిలో రెండే సీట్లు మిగిలి ఉన్నప్పుడు మీరు నలుగురికి కలిపి వెతికితే, చాలా వ్యవస్థలు నలుగురికీ సరిపడా సీట్లున్న పై తరగతి ధరనే అందరికీ చూపిస్తాయి. అందుకే ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి, ఆపై నలుగురికి వెతికి చూడండి. తలసరి ధర ఒక్కసారిగా ఎక్కడ ఎగిరిందో అక్కడ చవక సీట్లు అయిపోయాయని అర్థం. అప్పుడు ఇద్దరిద్దరిగా రెండు బుకింగులు చేసుకోవచ్చు. విమానం రద్దయితే రెండు బుకింగులు రెండు దారులు పట్టే అవకాశం ఉంది కాబట్టి, ఒక్కో బుకింగులో ఒక పెద్దవారు, ఒక పిల్లవాడు ఉండేలా విడదీసి, రెండింటినీ జతగా నమోదు చేయమని సంస్థకు ఫోన్ చేసి చెప్పాలి. పిల్లల్లో ఎవరికైనా ప్రయాణం మధ్యలో రెండేళ్లు నిండుతుంటే, తిరుగు ప్రయాణానికి సొంత సీటు కొనాలన్నది కూడా గుర్తుంచుకోండి. వయసును ఎక్కే ప్రతి విమానం తేదీకీ లెక్కగడతారు.

ఎప్పుడు కొనాలన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. పెద్ద సంస్థలు చాలావరకు ప్రయాణానికి 330 నుంచి 360 రోజుల ముందే అమ్మకం తెరుస్తాయి. తెరిచిన రోజున ధర అన్నిటికన్నా తక్కువగా ఉండాలన్న నియమం లేదు. మామూలు రోజుల ప్రయాణమైతే వేచి చూడటంలో కొంత లాభం ఉండవచ్చు గాని, విమానం ఎలాగూ నిండిపోతుందని సంస్థకు ముందే తెలిసిన వారంలో చివరి నిమిషం తగ్గింపు కోసం ఎదురుచూడటం అమాయకత్వమే అవుతుంది. నేను జూన్‌లో, విమాన ధరలు వెతికే గూగుల్ ఫ్లైట్స్ సైటులో, మూడు నాలుగు తేదీల జంటలకు (వెళ్లే తేదీ, తిరిగివచ్చే తేదీ) ధర హెచ్చరికలు పెట్టుకుని, వారానికి ఒకసారి ఆ అంకెలను పుస్తకంలో రాసుకుంటాను. ఆగస్టు చివరికల్లా ఆ దారికి మామూలు ధర ఎంతో, మంచి ధర ఎంతో చేతికి తెలిసిపోతుంది. ఆ మంచి ధర కనబడిన రోజే కొంటాను, కనబడకపోయినా సెప్టెంబరు దాటనివ్వను. అక్టోబరు దాకా ఆగిన రెండు ఏళ్లలో ఒకసారి కాస్త తగ్గింది, మరొకసారి మా దారిలో ఒక్క కనెక్షన్‌తో వెళ్లే విమానాలన్నీ నిండిపోయి, రెండు చోట్ల దిగి ఎక్కాల్సి వచ్చింది. కొన్నాక ధర తగ్గితే గుండె మండుతుంది, నిజమే. అమెరికాకు వచ్చే, అక్కడి నుంచి వెళ్లే విమానాలకు ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు సంస్థ దగ్గర నేరుగా కొంటే, 24 గంటల్లోపు రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలో, లేదా డబ్బు కట్టకుండా ఆ ధరను 24 గంటలు నిలిపి ఉంచే వీలో సంస్థ ఇవ్వాలన్న నిబంధన ఉంది. మిగతా దేశాల్లో నిబంధనలు వేరుగా ఉండవచ్చు కాబట్టి కొనే ముందే షరతులు చదవండి.

డబ్బు మిగల్చబోయి నేను దెబ్బతిన్న చోట్లు రెండు. మొదటిది విడివిడి టికెట్లు. సుదూర ప్రయాణానికి ఒక సంస్థ, అక్కడి నుంచి ఇంటికి చవక సంస్థ అని రెండు టికెట్లు వేరువేరుగా కొని, మధ్యలో మూడు గంటల వ్యవధి ఉంచుకున్నాను. మంచు వల్ల మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. రెండు టికెట్లకూ సంబంధం లేదు కాబట్టి సామాను నేరుగా వెళ్లలేదు. ఇమిగ్రేషన్ దాటి, బెల్టు దగ్గర పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ వరుసకు పరుగెత్తేసరికి కౌంటరు మూసి పది నిమిషాలైంది. ఆ రోజు డిసెంబరు 23. తరువాతి ఖాళీ సీటు 25 సాయంత్రానికి ఉంది, దాని ధర నేను మిగిల్చిన దానికి మూడింతలు. చిన్నవాడు నా కోటు కప్పుకుని ట్రాలీ మీదే నిద్రపోయాడు. అదే ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండి ఉంటే, తప్పిపోయిన విమానానికి బదులు వేరే విమానంలో చేర్చే బాధ్యత సంస్థదే అయ్యేది. పైగా మధ్యలో దిగే దేశంలోకి అడుగుపెట్టడానికి మనకు వీసా ఉండాలన్న చిక్కు విడివిడి టికెట్లలో అదనం. శీతాకాలంలో విడి టికెట్లు కొనక తప్పకపోతే, మధ్యలో ఒక రాత్రి బస చేసేలా ప్రణాళిక వేసుకుని, ఆ గది అద్దెను కూడా టికెట్ ధరలో కలిపి లెక్కవేయండి. అలా లెక్కవేస్తే చాలాసార్లు చవక టికెట్ చవక కాకుండా పోతుంది.

రెండోది మీరు అడిగిన ఏజెంట్ల సంగతి. పలువురి ధరలను పక్కపక్కన చూపే పోలిక సైటులో అన్నిటికన్నా పైన కనబడిన, నేనెప్పుడూ పేరు వినని ఒక చిన్న సైటులో ఒకసారి కొన్నాను. డబ్బు వెంటనే తీసుకున్నారు, ఆరు అక్షరాల బుకింగ్ కోడ్ కూడా వచ్చింది. నాలుగు రోజుల తరువాత విమాన సంస్థ సైటులో ఆ కోడ్ కొడితే పేర్లు, తేదీలు అన్నీ ఉన్నాయి గాని టికెట్ నంబర్ ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. ఏజెంటును అడిగితే ధర మారిందని, తేడా కడితేనే టికెట్ ఇస్తామని జవాబు వచ్చింది. బుకింగ్ వేరు, టికెట్ వేరు అని నాకు తెలిసింది ఆ రోజే. పెద్ద సంస్థల టికెట్ నంబర్‌కు పదమూడు అంకెలుంటాయి, మొదటి మూడు టికెట్ జారీ చేసిన సంస్థ కోడ్: ఎమిరేట్స్‌కు 176, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 125. అలాంటి సంస్థల టికెట్‌ను ఎవరి దగ్గర కొన్నా, ఆ పదమూడు అంకెలు చేతికొచ్చే దాకా కొన్నట్టు కాదు. ఏజెంట్లందరూ మోసగాళ్లని నేను అనను. మామూలు రోజుల్లో వాళ్ల దగ్గర నేనూ కొంటాను. కాని మార్పు కోసం సంస్థకు ఫోన్ చేస్తే ఏజెంటును అడగమంటారు, ఏజెంటు ఫోన్ ఎత్తడు. డిసెంబరు రద్దీలో ఆ అవస్థ పడటానికి మిగిలే కొద్ది డబ్బు చాలదు. అందుకే పోలిక సైట్లలో వెతికి, సంస్థ సొంత సైటులోనే కొంటున్నాను.

ఏటా వెళ్లేవారికి మాత్రం పనికొచ్చే మార్గం ఒకటుంది. ఒకసారి ఒంటివైపు టికెట్‌తో ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి మొదలయ్యే రానుపోను టికెట్ తీసుకోండి: జనవరిలో ఇంటి నుంచి బయలుదేరి, వచ్చే డిసెంబరులో ఇంటికి చేరేలా. ధర బయలుదేరే దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొన్ని దారుల్లో ఇది బాగా కలిసివస్తుంది. టికెట్ గడువు సాధారణంగా మొదటి ప్రయాణం నుంచి ఏడాది. మధ్యలో ఏ ప్రయాణాన్నైనా ఎగ్గొడితే మిగతావి రద్దు చేస్తారు. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మేలు.

పిల్లల బడి జనవరిలో ఏ రోజున తెరుస్తారో, మీ తిరుగు తేదీని ఎన్ని రోజులు వెనక్కి జరపగలరో మీ ప్రశ్నలో రాయలేదు. ఆ రెండూ, బయలుదేరే నగరం, చేరవలసిన నగరం రాస్తే, ఏయే తేదీల జంటలకు హెచ్చరికలు పెట్టుకోవాలో చూసి చెబుతాను.