ఆకాశంలో గుర్తు తెలియని వెలుగులు కనిపిస్తే సైన్యం విచారిస్తుందా?

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో రాత్రి వరసగా కదిలే వెలుగులు చూశామని, సైన్యం ఇలాంటివి పట్టించుకుంటుందా అని అడిగారు.

అమెరికా వైమానిక దళం పట్టించుకుంది. 1947 నుంచి 1969 వరకు నమోదైన 12,618 కేసుల్లో 701 చివరికీ తేలలేదు. నాకు బాధ కలిగించేది 1953 నాటి నిబంధన. ఫలానా వస్తువని తేలిన కేసుల గురించే అధికారులు విలేకరులతో మాట్లాడాలి, తేలనివి బయటికి చెప్పకూడదు. జనంలో అనుమానం పెరిగింది ఇలాంటి దాపరికం వల్లేనని నా అభిప్రాయం. 2022లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) ఇలాంటి కేసుల విచారణకు విడిగా ఒక ఆఫీసు పెట్టింది.

మీరు చూసినవి బహుశా ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ప్రయోగించిన కొత్తలో అవి పూసలదండలా వరసగా వెళ్తాయి. దక్షిణాన ఒక్కటే వెలుగు పైకి లేస్తే మాత్రం ముందు శ్రీహరికోట ప్రయోగాల టైము చూడండి.